తపసి చెట్టుకి గాటు పెట్టేముందు

మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఈసారి మిగతావన్నీ వదిలేసి తపసి జిగురు మీదే పడతానన్నావు. షావుకారు ముందే డబ్బు ఇస్తానన్నాడనీ రాశావు. నా టెన్షన్ ఆ రెండో మాటతోనే.

అడ్వాన్సు తీసుకున్నవాడు చెట్టుని చూడడు, గడువుని చూస్తాడు. నీ వయసులో నేనూ అంతే. వానల్లోగా సరుకు తెస్తానని ఒప్పుకుని, గొడ్డలితో జానెడేసి బెరడు చెక్కేశాను. ఆ ఏడు జిగురు బాగానే దిగింది. మూడో ఏటికి మా గట్టు మీద 11 చెట్లు నిలువునా ఎండిపోయాయి. ఇప్పటికీ ఆ దారిన వెళ్లాలంటే మనసొప్పదు.

నువ్వు చిన్న కత్తి వాడు. పైపైన, వేలెడు గాటు చాలు. కర్రకి తగలకూడదు, చెట్టు చుట్టూ గాట్లు కలవకూడదు. సన్న చెట్ల జోలికి పోకు. బెరడు ముక్కలు అంటకుండా తెల్లగా దిగిన జిగురుకే మంచి ధర.

మిగతా సరుకులు మాత్రం వదలకు. సంక్రాంతి దాటాక కొండచీపుర్లు, తర్వాత చింతపండు, ఎండలు ముదిరితే ఇప్పపువ్వు, తేనె, చలికాలంలో ఉసిరి. ఒకదాని ధర పడితే ఇంకోటి ఇల్లు నడుపుతుంది. అప్పుడు షావుకారు గడప తొక్కే పనే ఉండదు. చింతపండు గింజ తీసి అమ్మితే ఎక్కువ వస్తుంది, గింజలకీ వేరే బేరం ఉంది. 1956 నుంచి ఉన్న మన గిరిజన సహకార సంస్థ (జీసీసీ) ఏ ధర చెప్పిందో కనుక్కున్నాకే బయటివాళ్లతో మాట్లాడు.

అడవిలో ఏదీ విడిగా ఉండదురా. ఇప్పపువ్వు ఏరడం సులువని కింద ఆకులకి నిప్పు పెడతారు. ఆ నిప్పు పాకి ఉసిరి మొలకల్నీ, విస్తరాకులకి ఆకులిచ్చే అడ్డతీగల్నీ కాల్చేస్తుంది. పువ్వుతో వచ్చింది విస్తరాకులతో పోతుంది. చీపురుతో ఊడ్చుకో, గంట పని. కొండచీపురు కొడవలితో కొయ్యి, పీకితే దుబ్బే పోతుంది. తేనెపట్టులో తేనె ఉన్న ముక్కే కోసుకుని ఈగ పిల్లలున్న భాగం వదిలెయ్.

ఉసిరి నీ ఒక్కడి చేతిలో లేదు. నేను కోయకపోతే పక్కవాడు కోస్తాడని కొమ్మలతో సహా నరికేస్తున్నారు. 2006 అటవీ హక్కుల చట్టంతో ఈ ఫలసాయం మీద హక్కు మనదే అయింది కాబట్టి, గ్రామసభలో కోత తేదీ పెట్టించు. నువ్వు అడిగితే పెద్దవాళ్లు కాదనరు.

షావుకారుకి ఇంకా మాట ఇవ్వకు. వచ్చే సంతకి పాడేరు వస్తాను. కత్తి తెచ్చుకో, గాటు ఎలా పెట్టాలో చెట్టు దగ్గరే చూపిస్తాను.

మీ మావయ్య