అనంతపురం ఎండలో ముంగిసలు, ఉడుతల ఫోటోలు మసకగా వస్తున్నాయి, లెన్స్ మార్చాలా?

మార్చొద్దండి. జవాబు మీ ప్రశ్నలోనే ఉంది: దూరాన్ని దగ్గరకి లాగే 70-300 జూమ్ లెన్స్‌తో, పదిన్నర పదకొండు ఆ ప్రాంతంలో, దూరంగా చేని గట్టు మీద ముంగిసని తీశానని రాశారు. ఆ టైముకి మన నేల నుంచి సెగ లేస్తూ ఉంటుంది. తారురోడ్డు మీద నీళ్లు నిలిచినట్టు కనిపించేది ఆ సెగ వల్లే. మీకూ ముంగిసకీ మధ్య ఉన్న గాలే అల్లాడుతుంటే లక్ష రూపాయల లెన్స్ మాత్రం ఏం చేస్తుంది? అనుమానం తీరాలంటే పొద్దున్నే రోడ్డు పక్క కిలోమీటరు రాయిని ముప్పై మీటర్ల నుంచి, కెమెరా నేలకి ఆనించి తీయండి. పదకొండుకి మళ్లీ అక్కడి నుంచే తీసి అక్షరాలు పోల్చి చూడండి. పొద్దుటి ఫోటోలో అక్షరాలు స్పష్టంగా ఉంటే లెన్స్ బాగున్నట్టే.

ఇక వెలుతురు. నాది తాడిపత్రి. చాలామంది సూర్యుణ్ణి ఒక్కణ్ణే చూసుకుంటారు, నేనైతే నేలను ముందు చూస్తాను. చిన్న జంతువు పొట్ట నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది. కింది నుంచి ఎగదన్నే వెలుతురే దాని గదవనీ పొట్టనీ చూపిస్తుంది. అనంతపురం చుట్టుపక్కల ఎర్రనేలలో ఆ వెలుతురు వెచ్చగా, మెత్తగా వస్తుంది. మా వైపు నల్లరేగడిలో అది రాదు, పొట్ట కింద చీకటే. పైగా నల్లనేల చూసి కెమెరా మోసపోయి ఫోటోని తెల్లగా చేస్తుంది, అక్కడ ఎక్స్‌పోజర్, అంటే ఫోటో ఎంత వెలుగ్గా రావాలో చెప్పే సెట్టింగ్, మైనస్ వైపు కొంచెం తిప్పండి. పాలిష్ ఫ్యాక్టరీల వెనక పారేసిన లేతరంగు బండముక్కల గుట్టలైతే దీనికి తిరగమరగ. వాటి మీద ఉడుత నల్లగా వస్తుంది, ప్లస్ వైపు పోవాలి.

ముంగిసకి నేను వెతికే చోటు శెనక్కాయ కట్టె వామి. పంట తీశాక వామి వేస్తారు కదా, రాలిన కాయలకి ఎలుకలొస్తాయి, ఎలుకల కోసం ఇది వస్తుంది. పొద్దెక్కక ముందే వామికి తూర్పుగా కాకుండా, వెలుతురు పక్క నుంచి పడేలా దక్షిణం వైపు పడుకోండి. ఎందుకంటే దాని ఒంటి మీద ఒక్కో వెంట్రుక ఒకే రంగులో ఉండదు, ముదురూ లేతా పట్టీలు పట్టీలుగా ఉంటుంది. ఎదురుగా పడే ఎండలో అదంతా కలిసిపోయి బూడిద ముద్ద అవుతుంది. పక్క వెలుతురులో మాత్రం ఉప్పూ మిరియాలూ చల్లినట్టు ఒక్కో పోగూ లేచి కనిపిస్తుంది. కంటిపాప కూడా అడ్డంగా ఉంటుంది, మేక కన్నులా. దగ్గరగా తీస్తే అది తెలియాలి, అందుకే ఫోకస్ ఎప్పుడూ కంటి మీదే. వెనక్కాళ్ల మీద లేచి నిలబడి చుట్టూ చూసే క్షణం కోసం ఆగండి, పరిగెత్తేటప్పుడు నొక్కితే ఎక్కువగా తోకే మిగులుతుంది. షట్టర్ సెకనులో వెయ్యో వంతు (1/1000), ఎపర్చర్ అంటే లెన్స్ లోపలి రంధ్రం ఎంత పెద్దగా తెరుచుకుంటే అంత, వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే ఐఎస్ఓ 1600 అయినా భయపడకండి. గరుకు ఫోటో కన్నా కదిలిన ఫోటో అన్యాయం. తోక చివర నల్లగా, పైకి వంపు తిరిగి ఉంటే అది ఎర్ర ముంగిస, గట్లు వదిలి గుట్టల వైపు వెతకండి.

పడుకోవాలన్నాను కదా, గోనెసంచి రెండు మడతలు వేసి మోచేతుల కింద పెట్టుకోండి. పల్లేరుకాయలు చొక్కా మీదుగా కూడా దిగుతాయి.

ఉడుత సులువు. చలికాలం పొద్దున గోడ మీద ఎండకాచుకుంటూ కదలకుండా కూర్చుంటుంది, ఎండాకాలం మధ్యాహ్నం నీడలో చల్లని బండ మీద కాళ్లు చాపి బోర్లా పడుకుంటుంది. గింజలు వేసి పిలవొద్దు, అన్నీ చేతుల్లో గింజ పట్టుకున్న ఫోటోలే అవుతాయి. కుందేలుని మాత్రం సూర్యుడికి ఎదురుగా తీయండి, చెవుల్లోంచి వెలుతురు దూరి నరాలు కనిపిస్తాయి.

గుంటనక్క కోసం రోళ్లపాడు వెళ్తానన్నారు. 1988లో బట్టమేక పక్షి కోసం ఏర్పడిన అభయారణ్యం అది, అటవీశాఖ అనుమతి తీసుకునే వెళ్లండి. బొరియ కనిపిస్తే దగ్గరికి పోవద్దు. పిల్లలున్న తల్లి మనిషి వాసనకి వాటిని వేరే బొరియకి మార్చేస్తుంది, దారిలో కుక్కలుంటే అంతే సంగతులు.

ఇంకొకటి. పొద్దున్నే లేవలేనన్నారు కాబట్టి చెబుతున్నా, ఆషాఢ శ్రావణాలు మీకు సరిపోతాయి. మన జిల్లాలో అప్పుడు వాన పడకపోయినా మబ్బు మాత్రం రోజుల తరబడి కమ్ముకుని ఉంటుంది. రైతు తిట్టుకునే ఆ వట్టి మబ్బు కింద నీడలు గట్టిగా పడవు, సెగ కూడా తగ్గుతుంది, మధ్యాహ్నం దాకా తీసుకోవచ్చు. గాలి మాత్రం విపరీతం. ముందున్న గడ్డి ఊగి ఆటోఫోకస్ దాన్నే పట్టుకుంటుంది, కాబట్టి ఒక్క పాయింట్ ఫోకస్‌కి మార్చుకోండి, గాలికి ఎదురుగా ఉండండి. ముంగిసకి మీ వాసన చేరదు.