లగ్గానికి ముందు పెదాలకు ఫిల్లర్: నల్లగొండలో చేయించుకోవచ్చా?

లగ్గం నెల రోజులే ఉంది, పెదాలకు ఫిల్లర్ (పెదాలు నిండుగ కనపడనీకె సూదితోని ఎక్కించే జెల్) నల్లగొండలోనే చేయించుకోవాల్నా, హైదరాబాద్ పోవాల్నా అని అడిగిండ్రు. ఏ ఊరైనా సరే, ముందుగాల ఒక్కటే అడగండి: "హయలురోనిడేజ్ మందు ఈ గదిలో ఉందా?" తేడా వస్తే ఆ జెల్‌ను కరిగించే మందు అది. లేదంటే లేచి వచ్చేయండి.

మా చిన్నమ్మ బిడ్డ లగ్గానికి పన్నెండు దినాల ముందు ఇక్కడే ఒక పార్లర్ల చేయించుకుంది. డాక్టర్ లేడు. సూది దిగిన కాసేపటికే పై పెదవి కుడి పక్క సున్నం పూసినట్టు తెల్లగయింది. పొద్దుగూకేసరికి ముక్కు దాక వల పరిచినట్టు ఊదా చారలు. పార్లరామెకు ఫోన్ చేస్తే, "ఏం గాదక్కా, వాపే. ఐసు పెట్టు, రెండ్రోజుల్ల తగ్గుతది" అన్నది. ఐసు గుడ్డ పట్టుకొని కూసున్నది నేనే. జెల్ పోయి రక్తనాళాన్ని మూసేసిందని, ఐసుతోని నాళాలు ఇంకా ముడుచుకుంటయని నాకేం తెలుసు!

రాత్రికి రాత్రే కారు మాట్లాడుకొని నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగ ఎల్బీ నగర్ పోయినం. అక్కడ చర్మం డాక్టరమ్మ పెదవిని వేలితో అదిమి వదిలి లెక్కపెట్టింది. రెండు లెక్కపెట్టేలోపు తిరిగి ఎర్రబడాలట. ఆరు దాటినా తెల్లగనే ఉన్నది. ఆ కరిగించే మందు ఎక్కించి, గంట ఆగి చూసి, మళ్లీ ఎక్కించింది. వెచ్చటి గుడ్డ పెట్టమన్నది. తెల్లారేసరికి రంగు తిరిగింది. పెదవి మూలకు చిన్న మచ్చ మాత్రం ఇప్పటికీ ఉన్నది.

ఇంత చేసినా పెదాలల్ల ఈ జెల్ ఉండేది ఆరు నెలల నుంచి ఏడాది. అసలు ఆ పిల్లకు ఈ ఆలోచన పుట్టిందే మా చుట్టాల నోటి వల్ల. "పెదాలు కాగితం లెక్కున్నయ్" అని ఎంగేజ్‌మెంట్ల నలుగురి ముందట అంటరా ఎవరన్న? ఇంకోటి, అందరూ దీన్ని బొటాక్స్ అంటరు. బొటాక్స్ కండరాన్ని వదులు చేస్తది, ఇది నింపుతది. రెండూ వేరు.

హయలురోనిడేజ్ కరిగించేది హయలురోనిక్ యాసిడ్ అనే రకం జెల్‌ను మాత్రమే. సిలికాన్ ఫిల్లర్ కరగదు, కాల్షియం ఫిల్లరూ కరగదు. అందుకే సీల్ డబ్బా మీ కళ్ల ముందట విప్పమనండి, లాట్ నంబర్ స్టిక్కర్ అడిగి తీసుకోండి. సూది లేకుండ ఒత్తిడితోని జెల్ ఎక్కించే పెన్ను అంటే అసలే వద్దు, 2021లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా వద్దని హెచ్చరించింది. ముక్కుకు, కనుబొమల నడుమకు కూడా వేస్తమంటే ఒప్పుకోకండి. అక్కడి నాళాలకు కంటితోని సంబంధం ఉంటది, చూపే పోవచ్చు.

వాపు, కమిలింది తగ్గనీకె రెండు వారాలు పట్టొచ్చు, కాబట్టి చేయించుకునేదుంటే ఈ వారమే. పెదాల మీద జ్వరపు పొక్కులు లేచే అలవాటుంటే ముందే చెప్పండి. నల్లగొండల చర్మం డాక్టర్ ఎవరన్న ఆ మందు సీసా తీసి చూపిస్తే, అక్కడనే చేయించుకోండి.