గోల్కొండ వజ్రాలు గోల్కొండలోనే దొరికేవా?

దొరికేవి కావు. గోల్కొండ కోట నిలిచిన గ్రానైటు గుట్టలో వజ్రపు గనులు ఏనాడూ లేవు. గనులలో ముఖ్యమైనవి కృష్ణా తీరంలో ఉండేవి. వాటిలో అన్నిటికంటే పేరుపొందినది నేటి పల్నాడు జిల్లాలోని కొల్లూరు. కుతుబ్ షాహీల కాలంలో అక్కడ తవ్విన రాళ్లు రాజధానికి చేరి, దేశవిదేశాల వర్తకులకు అమ్ముడయ్యేవి కనుక, గని పేరు మరుగున పడి సంత పేరే స్థిరపడింది.

17వ శతాబ్దంలో కొల్లూరును చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, అక్కడ స్త్రీలు, పిల్లలతో కలిపి దాదాపు 60,000 మంది పనిచేసేవారని రాశాడు. వారు కొండలను తొలచలేదు. లోతు తక్కువ గుంతలు తవ్వి, పైకి తీసిన మట్టిని నీటితో కడిగి, ఎండబెట్టి, మిగిలిన గులకరాళ్లలో వజ్రాలను చేతులతో ఏరేవారు. వజ్రాల చరిత్ర చెప్పేటప్పుడు రాజుల కంటే ముందు ఈ శ్రామికులను తలచుకోవడం న్యాయమని నా అభిప్రాయం.

టావెర్నియే భారతదేశం నుంచి తీసుకువెళ్లి 14వ లూయీకి అమ్మిన నీలి వజ్రమే, తరువాత మళ్లీ సానపట్టగా, నేడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్న హోప్ వజ్రమైంది. కోహినూరు కూడా కొల్లూరుదేనని చాలామంది నమ్ముతారు, కానీ దానికి తిరుగులేని ఆధారం లేదు. 1720ల్లో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడిన తరువాత ఈ గనుల ప్రాముఖ్యం క్రమంగా తగ్గిపోయింది.