పెరూ నుంచి బొలీవియాకి బస్సులో వెళ్ళొచ్చా, విమానమే మేలా?

పెరూలో లీమా, కుస్కో, బొలీవియాలో లా పాజ్ చూడాలి, చేతిలో పదిహేను రోజులే ఉన్నాయి, అంతంత దూరం బస్సంటే భయంగా ఉంది, విమానం టికెట్లు తీసేసుకోమంటారా అని అడిగారు. వద్దు, బస్సెక్కండి. నేనూ మా ఆయనా 2018 మే నెలలో అదే దారిలో వెళ్ళాం, మళ్ళీ అవకాశం వచ్చినా బస్సే ఎక్కుతాను.

ముందు ఒంటి సంగతి. లీమా సముద్రం ఒడ్డున ఉంది, లా పాజ్ విమానాశ్రయమేమో దాని పైన గట్టు మీదున్న ఎల్ ఆల్టో అనే ఊళ్ళో, 4,000 మీటర్ల పైన. పొద్దున్న ఒకచోట ఎక్కి మధ్యాహ్నానికి అక్కడ దిగితే తలనొప్పి, వాంతులు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అదే లీమాలో రాత్రి బస్సెక్కి అరెకిపాలో దిగారనుకోండి, అది 2,300 మీటర్లు. రెండు రోజులు ఆ తెల్లరాతి వీధుల్లో నెమ్మదిగా తిరిగి, అక్కడి నుంచి కుస్కో, తర్వాత టిటికాకా సరస్సు ఒడ్డున పూనో, ఆఖరికి లా పాజ్. ఆగి ఆగి వెళ్తే ఒళ్ళు ఆ ఎత్తులోని పల్చటి గాలికి అలవాటు పడుతుంది. మాకిద్దరికీ కుస్కోలో ఒక్క పూట తల బరువెక్కింది, కోకా ఆకు టీ తాగి పడుకున్నాం, అంతే.

బస్సులకి భయపడాల్సిన పనే లేదు. మన స్లీపర్ బస్సుల్లా బెర్తులుండవు, సీటే వెనక్కి వాలుతుంది. సెమీ కామా అంటే సగం వాలేది, కామా అంటే ఇంచుమించు పడుకున్నట్టే ఉండేది. రాత్రి ప్రయాణమైతే డబ్బులు చూసుకోకుండా కామా తీసుకోండి. నాకు కోపం తెప్పించినవి రెండే. రాత్రి పదకొండింటికి కూడా బస్సంతా మారుమోగేలా సినిమా వేస్తారు, పక్కన చంటిపిల్లలు నిద్రపోతున్నా సౌండ్ తగ్గించరు. ఇక టికెట్ కొన్నాక కూడా బస్టాండులో వేరే కౌంటర్ దగ్గర టెర్మినల్ రుసుము కట్టి చీటీ తెచ్చుకోవాలి. ఆ ముక్క టికెట్ అమ్మేటప్పుడే చెప్పొచ్చుగా! ఆఖరి నిమిషంలో బ్యాగులు మోసుకుంటూ పరుగెత్తాం.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. పూనో నుంచి లా పాజ్ వెళ్ళే రోజు. సరిహద్దు దగ్గర బస్సు దిగి, పెరూ వైపు ముద్ర వేయించుకుని, రాతి తోరణం కింద నుంచి నడిచి బొలీవియాలోకి వెళ్తాం. కొంచెం ముందుకెళ్తే కోపకబానా అనే ఊరు. బ్రెజిల్‌లో రియో నగరంలో ఉన్న పేరుమోసిన బీచ్‌కి ఆ పేరు వచ్చింది ఈ ఊరి నుంచే. అక్కడ వేరే బస్సు ఎక్కాలి. బొలీవియా గడియారం పెరూ కంటే గంట ముందుంటుందని మాకెవరూ చెప్పలేదు. తీరిగ్గా సరస్సు చేప వేపుడు తిని వచ్చేసరికి బస్సు వెళ్ళిపోయింది. మళ్ళీ డబ్బులు కట్టి సాయంత్రం బస్సు ఎక్కాం, నాకు ఏడుపొక్కటే తక్కువ.

గంట గడిచాక తికినా అనే చోట అందర్నీ దిగమన్నారు. సరస్సు అక్కడ సన్నబడి, ఒడ్డుకీ ఒడ్డుకీ మధ్య కిలోమీటరు కూడా ఉండదు, కానీ వంతెన లేదు. జనానికి చిన్న మోటారు పడవలు, బస్సుకి బల్లలు పరిచిన పంటు. మా అమ్మమ్మ వాళ్ళది సఖినేటిపల్లి. చిన్నప్పుడు నరసాపురం రేవులో గోదావరి మీద పంటు ఎక్కిన ప్రతిసారీ చెక్కల సందుల్లోంచి కింద నీళ్ళు చూసేదాన్ని. అలాంటి పంటు మీద మా బస్సు, మా సామానంతా లోపల పెట్టుకుని, అటూ ఇటూ ఊగుతూ చీకటి పడుతున్న నీళ్ళ మీద వెళ్తుంటే ఊపిరి బిగబట్టి చూస్తూ కూర్చున్నాను. పడవలో నా పక్కన ఐమరా అనే అక్కడి స్థానిక జాతి పెద్దావిడ, గుండ్రటి టోపీ, కుచ్చెళ్ళ లంగా, వీపున రంగురంగుల దుప్పటిలో మూట. నా మొహం చూసి ఏదో అని, నా చేతి మీద చెయ్యి వేసి, దిగేదాకా తీయలేదు. ఆమె భాష నాకు ఒక్క ముక్క రాదు. మా అమ్మమ్మ కూడా రేవు దాటేటప్పుడు అలాగే పట్టుకునేది.

అవతలి ఒడ్డున నావికాదళం వాళ్ళు కనిపించారు. సముద్రమే లేని దేశానికి నావికాదళం! 1879లో చిలీతో మొదలైన యుద్ధంలో సముద్రతీరమంతా పోగొట్టుకున్నారు, అయినా 1963లో మళ్ళీ దళాన్ని పెట్టుకున్నారు. ఆ పోగొట్టుకున్న తీరం మీద వాళ్ళకి ఇప్పటికీ ఎంత బెంగో అక్కడ నిలబడితే తెలుస్తుంది. విమానంలో వెళ్ళేవాళ్ళకి ఇది ఎక్కడ కనబడుతుంది చెప్పండి.

రాత్రి ఎనిమిదింటికి ఎల్ ఆల్టో ట్రాఫిక్ దాటి అంచు దగ్గరికి రాగానే లా పాజ్ మొత్తం కింద లోయలో దీపాలతో నిండిపోయి కనిపించింది. మొదటి బస్సు దొరికుంటే పగలే చేరేవాళ్ళం, ఆ దీపాలు చూసేవాళ్ళమే కాదు.

లా పాజ్‌లో ఊరు చూపించే టూరిస్టు బస్సుకి డబ్బులు తగలేయకండి, సగం సమయం ట్రాఫిక్‌లోనే పోతుంది. రోప్‌వే ఎక్కండి. 2014లో మొదలైంది, మొదటి మూడు లైన్లూ వాళ్ళ జెండా రంగులే, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. మేం వెళ్ళినప్పుడు మూడు బొలీవియానోలు టికెట్, అంటే ముప్ఫై రూపాయలు. అది పర్యాటకుల కోసం కట్టింది కాదు, ఆఫీసులకీ బడులకీ వెళ్ళేవాళ్ళతో నిండి ఉంటుంది. ఎరుపు లైన్‌లో పైకెళ్తుంటే స్మశానం, ఇటుక ఇళ్ళు, మిద్దెల మీద ఆరేసిన బట్టలు అన్నీ కాళ్ళ కిందే. మళ్ళీ అదే లైన్‌లో కిందికొచ్చి మురీయో చౌక్‌కి నడవండి, మేం వెళ్ళినప్పుడు అక్కడి పార్లమెంటు భవనం మీద గడియారం ముళ్ళు వెనక్కి తిరుగుతుండేవి.

తికినా దగ్గర దిగేటప్పుడు పాస్‌పోర్టు, పడవకి చిల్లర మీ దగ్గరే పెట్టుకోండి, బస్సులో వదిలేస్తే అవతలి ఒడ్డుదాకా చేతికి రావు. డాలర్లు మడత, చిరుగు లేనివే తీసుకెళ్ళండి, అంచు కాస్త నలిగినా తీసుకోరు.