గోల్కొండకు వెళ్తున్న మా అల్లుడికి

గుంటూరు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సైన్యంలో అగ్నివీర్‌గా సెలెక్టయ్యావనీ, ట్రైనింగ్‌కు గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌కు వెళ్తున్నావనీ మీ అమ్మ ఫోన్ చేసింది. సంబరంగా మొదలుపెట్టి ఏడ్చేసింది. నాకూ రాత్రంతా నిద్ర లేదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు, జిరాక్సులు విడివిడిగా పెట్టుకో. పరుగు ఆపకు. హిందీ తప్పులొచ్చినా మాట్లాడు.

ఆఫీసరైతే దేశసేవ, జవానైతే 'చదువబ్బలేదా?' అనేవాళ్లు మన చుట్టాల్లోనే ఉన్నారు. సెలవుకొస్తే క్యాంటీన్ బాటిల్ అడిగేదీ వాళ్లే. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరంలో తరతరాలుగా పిల్లల్ని సైన్యానికి పంపుతున్నారు, అక్కడ ఆ ప్రశ్న ఎవరూ వేయరు. ట్రైనింగ్‌లో కొందరు నిన్ను 'మద్రాసీ' అంటారు. 1857 తర్వాత తెల్లవాళ్లు కొన్ని జాతులకే వీరులని ముద్ర వేసి, దక్షిణాది భర్తీ తగ్గించారు. ఆ వాసన ఇంకా పోలేదు. గొడవపడకు, మద్రాస్ రెజిమెంట్ మూలాలు 1758 నాటివని చెప్పి నవ్వెయ్.

నా భయం వేరే. నేను సైన్యంలో చేరినప్పుడు నాతో ట్రైనింగ్ చేసినవాడొకడు గుంటూరువాడే. వాళ్ల నాన్న మిర్చి యార్డులో హమాలీ. పంజాబ్, హర్యానా కుర్రాళ్లు ఎకరాలూ ట్రాక్టర్లూ చెప్పుకుంటుంటే వీడు మాకు కమీషన్ కొట్టుందన్నాడు. ఆ మాట నిలబెట్టుకోడానికి అందరి టీ, సమోసాలు వీడి లెక్కే. ఇంటికి మనియార్డర్ ఆగిపోయింది. ట్రైనింగ్ చివర ప్రమాణం చేసే కసమ్ పరేడ్‌కు రావద్దు, చార్జీలు దండగని ఇంటికి ఉత్తరం రాశాడు. పెద్దాయన ఆగుతాడా? ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చేశాడు. మెడ వెనక బస్తాలు మోసిన కాయ కాలర్ పైకి కనబడుతోంది. వీడు హిందీలో, 'మా కొట్లో పనివాడు, ఊరి నుంచి సామాను తెచ్చాడు' అన్నాడు. పెద్దాయనకు హిందీ రాదు. కొడుకు తనను పరిచయం చేస్తున్నాడనుకుని, నవ్వుతూ అందరికీ దణ్ణం పెట్టాడు. ముఖాలు చూస్తే ఇద్దరివీ అచ్చుగుద్దినట్టున్నాయి! ఎవరూ ఏమీ అనలేదు. హర్యానా కుర్రాడొకడు వంగి ఆయన కాళ్లకు మొక్కాడు. ఆ తర్వాత మావాడు బారక్‌లో ఎవరి కళ్లల్లోకీ సరిగ్గా చూడలేకపోయాడు. ట్రాక్టర్ కబుర్లు చెప్పినవాళ్లలో సగం మందివి కౌలు పొలాలేనని తర్వాత తెలిసిందిలే.

కాబట్టి ఒరేయ్, మీ నాన్న ఆటో నడుపుతాడని మొదటిరోజే చెప్పెయ్. ఇప్పుడు పరేడ్ రోజున తల్లిదండ్రులకు గౌరవ్ పదక్ అనే మెడల్ ఇస్తున్నారు. అది ఆయన చొక్కాకే ఉండాలి.

ఇంకొకటి. నాలుగేళ్ల తర్వాత 25 శాతం మంది వరకే ఉంచుకుంటారు. తిరిగొస్తే 'పంపించేశారా?' అంటారు, తయారుగా ఉండు. దిగిపోయేటప్పుడు సేవానిధి కింద ఇచ్చే పది లక్షల పైచిలుకు డబ్బు మీద మీ బాబాయికి ఇప్పటికే కన్నుంది. ఎవరికీ మాటివ్వకు. ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీలో అగ్నివీర్లకు డిగ్రీ ఉంది, చేరు. పరీక్షల గొడవ ఇక ఉండదనుకున్నావేమో, వెధవా.

సరిగ్గా తిను. ఆదివారం కాస్త ఫోన్ చెయ్, మీ అమ్మకు ముందు, తర్వాతే నాకు.

స్టేషన్‌కు కారు మాట్లాడతానని మీ బాబాయి అంటున్నాడట. వద్దని చెప్పు, మీ నాన్న ఆటోలోనే వెళ్దాం.

మీ మామయ్య