బ్యాటరీ కొత్తదే, అయినా సెల్ఫ్ పడటం లేదు

ప్రశ్న: మాది 2009 మోడల్ పెట్రోల్ కారు, తాళం తిప్పి స్టార్ట్ చేసే రకం. ఈమధ్య ఒక్కోసారి సెల్ఫ్ పడటం లేదు. మీటర్ బోర్డులో లైట్లన్నీ వెలుగుతాయి కానీ, తాళం పూర్తిగా తిప్పితే చప్పుడే ఉండదు. నాలుగైదుసార్లు తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. కొత్త బ్యాటరీ వేయించాను. ఇప్పుడు మెకానిక్ సెల్ఫ్ మోటారు మార్చేద్దాం అంటున్నారు. నా దగ్గర మల్టీమీటర్ ఉంది. నేనే చూసుకోవచ్చా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: చూసుకోవచ్చండి. అంతవరకూ మోటారు మాట ఆపమనండి. మీరు రాసినదాంట్లో అసలు సంగతి ‘చప్పుడే ఉండదు’ అన్న ముక్కలో ఉంది. టక్‌మని ఒక్కసారి కొట్టి ఆగిపోతే మోటారునో లావు కేబుళ్లనో అనుమానించాలి. టకటకా వరసగా కొట్టుకుంటే బ్యాటరీ దిగిపోయి ఉంటుంది, లేదా టెర్మినల్ వదులై ఉంటుంది. ఏమీ వినపడలేదంటే చాలావరకు సోలినాయిడ్‌కి, అంటే సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్‌కి, కరెంటే అందడం లేదు. తాళం వెనకున్న స్విచ్, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), ఫ్యూజు, కొన్ని కార్లలో క్లచ్ స్విచ్... ఈ దారిలో ఎక్కడో తెగుతోంది.

గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేకు లాగండి. మీటరును డీసీ 20 వోల్టులకు తిప్పండి. ఆంపియర్ల జోలికి మాత్రం పోవద్దు. మామూలు మల్టీమీటర్ తట్టుకునేది 10 ఆంపియర్లే, సెల్ఫ్ మోటారు వందకు పైగా లాగుతుంది. బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 దగ్గర, సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6కి తగ్గకుండా చూపిస్తే దాన్ని వదిలేయండి.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. సోలినాయిడ్‌కి వెళ్లే సన్న వైరు ప్లగ్గు పీకి, మీటరు పెట్టి, 12 కనిపించగానే ‘వైరింగ్ బాగుంది’ అనేస్తారు. మీటరు లాగే కరెంటు లేనట్టే లెక్క. అందువల్ల ఒక్క పోగు మిగిలిన వైరైనా, కాలిపోయిన స్విచ్ పాయింటైనా 12 చూపిస్తుంది. సోలినాయిడ్ నిజంగా కరెంటు లాగబోతేనే వోల్టేజీ కూలుతుంది. కాబట్టి ప్లగ్గు పీకకుండా, నల్ల ప్రోబు బ్యాటరీ మైనస్‌కి, ఎర్రది ఆ సన్న వైరు టెర్మినల్‌కి ఆనించి, ఇంట్లోవాళ్లను తాళం తిప్పమనండి. సెల్ఫ్ పడని ఆ క్షణంలో వచ్చే అంకే మనకు కావాలి. దాదాపు 12 ఉంటే మెకానిక్ మాటే నిజం. సున్నా అయితే రిలే, ఫ్యూజు చూడండి. 6, 7 దగ్గర ఊగిసలాడితే నా అనుమానం తాళం స్విచ్ మీదే.

రిలే సంగతి తేలిక. అదే నంబరు, అవే పిన్నులు ఉన్న రిలే హారన్‌కి ఉంటే దాన్ని తెచ్చి ఇక్కడ గుచ్చి చూడండి. స్విచ్‌కైతే వెనక ప్లగ్గు తగిలించే ఉంచి, బ్యాటరీ నుంచి వచ్చే వైరుకీ స్టార్ట్ వైరుకీ మధ్య ప్రోబులు పెట్టి తాళం తిప్పించండి. తేడా 0.3 వోల్టులకు మించకూడదు. 4, 5 వోల్టులు అక్కడే మాయమవుతుంటే పాయింట్లు కాలిపోయినట్టే. ప్లగ్గు ప్లాస్టిక్ గోధుమరంగుకు మాడి ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. చాలా కార్లలో తాళం సిలిండర్ ముట్టుకోకుండా ఈ ఎలక్ట్రికల్ ముక్క ఒక్కటే మార్చవచ్చు. స్టీరింగ్ కింద కనిపించే పసుపు ప్లగ్గులు మాత్రం ఎయిర్‌బ్యాగువి, వాటిని కదపవద్దు.

సమస్య మీటరు పట్టుకున్నప్పుడే మాయమవుతుందా? సన్న వైరు టెర్మినల్ నుంచి 1 ఆంపియర్ ఫ్యూజు పెట్టి పొడవాటి వైరు లోపలికి లాగి, మీటరు పక్క సీట్లో పెట్టుకుని రెండు మూడు రోజులు కారు వాడండి. తాళానికి ఇంటి, ఆఫీసు తాళాల గుత్తి వేలాడుతుంటే తీసేయండి. అమెరికాలో జనరల్ మోటార్స్ 2014లో లక్షల కార్లను వెనక్కి పిలిచింది ఇలాంటి స్విచ్ వల్లే. తాళాల బరువుకో కుదుపుకో స్విచ్ జారిపోయి, నడుస్తుండగానే ఇంజిన్ ఆగేది, ఎయిర్‌బ్యాగులూ పనిచేసేవి కావు.

ప్రశ్న: ఫోన్‌కి కలిపే ఓబీడీ స్కానర్ కొంటే ఇలాంటివి దొరుకుతాయా? – మరో పాఠకురాలు

జవాబు: ఇలాంటివి అంతగా దొరకవు. కారులోని కంప్యూటర్‌కి సెన్సర్లు చెప్పేవే అందులో కనిపిస్తాయి. పాత కార్లలో తాళం నుంచి సోలినాయిడ్‌కి వెళ్లే వైరు గురించి దానికి తెలియదు. సెల్ఫ్ బాగానే తిరుగుతూ ఇంజిన్ అందుకోకపోతే మాత్రం తగిలించండి. ఇంజిన్ తిరుగుతున్న సంగతి కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సర్ పోయిందేమో అక్కడ చాలాసార్లు బయటపడుతుంది. ముందైతే మల్టీమీటరే కొనుక్కోండి.