వైరల్ లోడ్ కనిపించలేదని మాత్ర తగ్గించొచ్చా?

ప్రశ్న: నా వయసు 39. నాలుగేళ్లుగా ఏఆర్‌టీ సెంటర్‌లో ఇచ్చే హెచ్‌ఐవీ మాత్ర వాడుతున్నాను. పోయినసారి పరీక్షలో వైరస్ కనిపించలేదన్నారు. బరువు 7 కిలోలు పెరిగాను. మాత్ర వేడి చేస్తోందని రెండు నెలలుగా రోజు విడిచి రోజు వేసుకుంటున్నా. గ్యాస్‌కి సిరప్ తాగుతున్నా. బరువు తగ్గడానికి ఏం తినాలి? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తిండి సంగతి తర్వాత. ముందుగా, ఈ రోజు విడిచి రోజు పద్ధతి మాని, మాత్ర రోజూ వేసుకోండి. ఈ వారంలోనే ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లి, రెండు నెలలుగా ఏం చేస్తున్నారో దాచకుండా చెప్పండి. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో, మళ్లీ చూడాల్సి రావచ్చు. రోజూ వేసుకుంటున్నానని చెబితే, రిపోర్టు తేడాగా వచ్చినప్పుడు డాక్టర్ మందునే అనుమానిస్తారు.

పరీక్షలో కనిపించకపోయినా వైరస్ కొన్ని కణాల్లో దాక్కునే ఉంటుంది. అరకొర మందులో అది పెరిగితే, ఆ మందుకే లొంగకుండా మారే ప్రమాదం ఉంది. భార్యకు సోకే అవకాశమూ తిరిగొస్తుంది. మీకు హెపటైటిస్ బి కూడా ఉంటే, మందు మధ్యలో ఆపడం లివర్‌కు ప్రమాదం.

నేను చూసినంతలో మాత్ర మర్చిపోయేవాళ్లకన్నా, దాన్ని చూసి భయపడేవాళ్లే ఎక్కువగా మానేస్తున్నారు. 'కిడ్నీలు పోతాయట', 'బాగానే ఉన్నాగా', 'డబ్బా ఎవరైనా చూస్తే?' అంటారు. ఈ భయాలు ఊరికే రాలేదు. ఒకప్పుడు స్టావుడిన్‌తో బుగ్గలు పీక్కుపోయేవి, ఎఫావిరెంజ్‌తో తలతిప్పు, పీడకలలు వచ్చేవి. ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్న టీఎల్‌డీలో (టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్ర) ఆ రెండు మందులూ లేవు. అందులోని టెనోఫోవిర్ కొందరిలో కిడ్నీ మీద ప్రభావం చూపొచ్చు. క్రియాటినిన్ పరీక్ష చేయించేది అందుకే. ఇబ్బంది ఉంటే మందు మార్చే వీలుంది, కానీ ఆ నిర్ణయం డాక్టర్‌ది. మీ అంతట మీరు ఇలా కోత పెట్టుకోవడం తప్పండీ.

ఆ గ్యాస్ సిరప్ కూడా ఎవరినీ అడగకుండా మొదలుపెట్టినట్టున్నారు. మీది టీఎల్‌డీ అయితే, అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న సిరప్‌లు డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. మాత్ర వేసుకున్నాక 2 గంటలు ఆగి సిరప్ తాగాలి. ముందే తాగితే 6 గంటల తర్వాతే మాత్ర. సీసా సెంటర్‌లో చూపించండి.

బరువు విషయానికొస్తే, డోలుటెగ్రావిర్‌తో కొందరు పెరుగుతారు, నిజమే. షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోండి. రాత్రి అన్నం తగ్గించి, రోజూ అరగంట నడవండి. మిగతాది రిపోర్టులు, మిమ్మల్ని చూసే డాక్టర్ చెప్పాలి.